మీ పాత బ్లాగు తాళంచెవి మీ దగ్గరే ఉందా? తోటి తెలుగు బ్లాగర్లకు బహిరంగ లేఖ

తోటి తెలుగు బ్లాగర్లకు నమస్కారం.

లేఖిని సైటులో తెలుగు టైపు చేసి, కాపీ చేసి, బ్లాగులో అతికించి, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలిలో మన టపా (పోస్టు) ఎప్పుడు కనిపిస్తుందా అని పేజీని మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకున్న రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నేను 2007లో బ్లాగు మొదలుపెట్టాను. అప్పుడు హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం. పగలంతా ఆఫీసు, రాత్రి పిల్లలు పడుకున్నాక బ్లాగు. మా చిత్తూరు వైపు మాటలు, వంటలు, మా అమ్మ దగ్గర విన్న సామెతలు రాసేదాన్ని. 2014 వరకు 412 టపాలు రాసి ఆపేశాను. ఆపడానికి పెద్ద కారణమేమీ లేదు. మీలో చాలామందికి కూడా ఉండి ఉండదు. చేతిలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది, అందులోకి ఫేస్‌బుక్ వచ్చింది. 2013 జూలైలో గూగుల్ రీడర్ మూతపడ్డాక ఎవరేం రాశారో ఒకచోట కూర్చుని చదివే అలవాటు కూడా పోయింది. అలా ఒకరి తర్వాత ఒకరం మెల్లగా వెళ్ళిపోయాం.

మళ్ళీ రాయమని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. రాస్తే సంతోషమే. కానీ ముందు, ఇదివరకు రాసినదాన్ని మీ ఇంటికి తెచ్చుకోండి. నేను ఈ మధ్యనే నా బ్లాగును గూగుల్ వారి బ్లాగర్ నుంచి, సొంత సర్వర్‌లో పెట్టుకోగలిగే వర్డ్‌ప్రెస్‌కు మార్చుకున్నాను. రెండు రోజుల పని అనుకున్నది ఐదు వారాలు పట్టింది. అందులో నాలుగు వారాలు నెట్ కనెక్షన్‌తోనే సరిపోయింది. ఆ ఐదు వారాల్లో తెలుసుకున్నవి మీతో చెప్పాలని, మీకు అంత కష్టం లేకుండా చూడాలని నా కోరిక.

సంగతి ఎక్కడ మొదలైందో చెప్తాను. రిటైరయ్యాక మదనపల్లె దగ్గర మా ఊరికి వచ్చేశాం. ఒకరోజు అమెరికాలో ఉంటున్న మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసి, "అత్తా, నువ్వు పితికిపప్పు మీద రాసింది ఒకటి ఉండాలి కదా, లింకు పంపవా" అని అడిగింది. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటే పితికి, తొక్క తీసి వండే పప్పు అది. ఆ టపా కింద 43 వ్యాఖ్యలు ఉండేవి. ఒక్కో జిల్లావాళ్ళు తమ ఇంట్లో దాన్ని ఏమంటారో, ఎలా వండుతారో రాశారు. వాటిని మళ్ళీ చదవాలనిపించి లాగిన్ అవుదామని చూస్తే పాస్‌వర్డ్ గుర్తు లేదు. ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు నేను వదిలేసి ఆరేళ్ళు. మూడు రోజులు టెన్షన్ పడి, పాత డైరీలు తిరగేసి, రికవరీ కోసం ఇచ్చిన ఇంకో ఈమెయిల్ దొరికాక లోపలికి వెళ్ళగలిగాను. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన ఖాతాలను, వాటిలోని సమాచారాన్ని తొలగించవచ్చని గూగుల్ 2023లో ప్రకటించిందని, ఆ డిసెంబరు నుంచే అది అమల్లోకి వచ్చిందని అప్పుడే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మనం రాసింది ఎప్పటికీ అక్కడే ఉంటుందని ఎలా అనుకున్నామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. జనం సొంత పేజీలు పెట్టుకునే జియోసిటీస్ 2009లో పోయింది. యాహూ 360 కూడా ఆ ఏడాదే పోయింది. పోస్టరస్ అనే బ్లాగుల సైటు 2013లో మూతపడింది. 2019 ఏప్రిల్‌లో గూగుల్ ప్లస్ మూసేసినప్పుడు, దాని వ్యాఖ్యల పెట్టెను బ్లాగుకు తగిలించుకున్నవారి వ్యాఖ్యలన్నీ మాయమయ్యాయి. టైప్‌ప్యాడ్ ఇరవై ఏళ్ళకు పైగా నడిచి, 2025 సెప్టెంబరు 30న ఆగిపోయింది. బ్లాగర్ 1999లో మొదలై, 2003లో గూగుల్ చేతికి వచ్చి, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. దాని మీద నాకే కోపమూ లేదు. పైసా అడగకుండా ఇన్నేళ్ళు మన తెలుగును మోసింది. అయినా అద్దె ఇంట్లో ఎంత బాగున్నా, ఇంటి పత్రాలు మన పెట్టెలో ఉండవు కదా.

మొదట చేయవలసింది, చాలామందికి సరిపోయేది, ఒక్క కాపీ తీసుకోవడం. మన సమాచారాన్ని దించుకోనిచ్చే గూగుల్ టేక్‌అవుట్‌లో బ్లాగర్ ఒక్కదాన్నే ఎంచుకుని అడిగితే టపాలు, పేజీలు, వ్యాఖ్యలు అన్నీ ఒక ఫైల్‌గా వస్తాయి. నా ఏడేళ్ళ రాత మొత్తం 14 ఎంబీ. ఫోన్‌లో తీసుకునే రెండు మూడు ఫొటోలంత. అన్నేళ్ళ రాత్రులు అంత చిన్న ఫైల్‌లో ఉన్నాయంటే నమ్మబుద్ధి కాలేదు.

అసలు బరువు బొమ్మలది. టపాల ఫైల్‌లో బొమ్మలు ఉండవు, అవి ఎక్కడున్నాయో చెప్పే లంకెలు మాత్రమే ఉంటాయి. ఇది గట్టిగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడే నేను మోసపోబోయాను. ఫైల్‌ను వర్డ్‌ప్రెస్‌లోకి ఎక్కించాక టపా తెరిస్తే బొమ్మలన్నీ చక్కగా కనిపించాయి. అంతా వచ్చేసిందనుకున్నాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పని చేసే మా అక్క కొడుకు చూసి, "పిన్నీ, ఆ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి అడ్రసు చూడు" అన్నాడు. చూస్తే ప్రతి బొమ్మా ఇంకా గూగుల్ నుంచే వస్తోంది. పాత బ్లాగు తీసేసి ఉంటే ఆ రోజే మా అమ్మ రుబ్బురోలు దగ్గర కూర్చున్న ఫొటో పోయేది. దానికి మా ఇంట్లో వేరే కాపీ లేదు.

టపాల ఫైల్‌తో పాటు బొమ్మలు కూడా టేక్‌అవుట్‌లోనే వస్తాయి. నావి ఒకటిన్నర జీబీ. దించుకోవడం మొదలుపెట్టాను. 300 ఎంబీ దగ్గర తెగింది. మళ్ళీ మొదటి నుంచి. 700 దగ్గర తెగింది. మళ్ళీ మొదటి నుంచి. ఇలా తొమ్మిది రోజులు. మా ఊళ్ళో కనెక్షన్ ఇచ్చే సంస్థకు ఫోన్ చేస్తే, "ఇప్పుడు వస్తోంది కదా మేడం, స్పీడ్ టెస్ట్ చేసి చూడండి" అనేవారు. చేస్తే నిజంగానే 100 ఎంబీపీఎస్ చూపించేది. ఫిర్యాదు మూసేసినట్టు మెసేజ్ వచ్చేది. ఐదు నిమిషాలకు మళ్ళీ పోయేది. మూడుసార్లు ఇలాగే జరిగింది.

మా అక్క కొడుకు అప్పుడొక మాట చెప్పాడు. "సైటు సంగతి పక్కన పెట్టు పిన్నీ, ముందు ఎక్కడ తెగుతోందో తెలుసుకో." చిన్న ఊళ్ళలో ఉన్న మీకు ఈ భాగం బ్లాగు మార్పిడి కంటే ఎక్కువ పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నెట్ తెగడం అనేది ఒకే జబ్బు కాదు. మన ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా ఒక దారి. రౌటర్ నుంచి వీధి స్తంభం దాకా, అక్కడి నుంచి వాళ్ళ ఆఫీసు దాకా ఇంకో దారి. వాళ్ళ ఆఫీసు నుంచి బయటి ప్రపంచానికి మరో దారి. మొదట వైఫై ఆపేసి ల్యాప్‌టాప్‌ను వైరుతో రౌటర్‌కు కలిపాను. తర్వాత ఆదేశాలు టైపు చేసే రెండు నల్ల కిటికీలు తెరిచి, ఒకదానిలో రౌటర్‌ను, అంటే 192.168.1.1ను, రెండోదానిలో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8ను ఆగకుండా పింగ్ చేయించాను, అంటే "ఉన్నావా" అని అడిగిస్తూ ఉన్నాను. ఆ జవాబులు టైముతో సహా ఒక ఫైల్‌లో పడేటట్టు అబ్బాయి ఫోన్‌లోనే చెప్పి రాయించాడు. రాత్రంతా, మర్నాడు పగలంతా అలాగే వదిలేశాను. చూస్తే రౌటర్ ఒక్కసారి కూడా జవాబు ఇవ్వకుండా ఊరుకోలేదు. బయటి దారి మాత్రం 24 గంటల్లో 61 సార్లు తెగింది. ఒక్కోసారి 20 సెకన్లు, ఒక్కోసారి 40. వీడియో చూసేవాళ్ళకు ఆ తేడా పెద్దగా తెలియదు, కాసేపు చక్రం తిరిగి మళ్ళీ వస్తుంది. పెద్ద ఫైల్ దించుకునేవాళ్ళకు మాత్రం ఆ 20 సెకన్లే పని చెడగొడతాయి.

ఆ రోజు నుంచి రౌటర్ లైట్లు కూడా గమనించాను. లైట్లన్నీ ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంటే అది కరెంటు సమస్య. మిగతావన్నీ వెలుగుతూ ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు కొట్టుకుంటుంటే ఫైబర్‌లో వెలుతురు మన ఇంటి దాకా రావడం లేదని అర్థం. లైట్లన్నీ మామూలుగానే ఉండి పేజీలు మాత్రం తెరుచుకోకపోతే సమస్య పైన, వాళ్ళ వైపే ఉండవచ్చు, లేదా సైటు పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌లో ఉండవచ్చు. నాకు వచ్చేది ఎర్ర లైటే. టైములు ఒక కాగితం మీద రాసుకుంటూ పోతే ఇంకొకటి కూడా తెలిసింది. సాయంత్రం గాలి లేచినప్పుడు ఎక్కువగా తెగుతోంది.

నాలుగోసారి ఫోన్ చేసినప్పుడు "నెట్ రావడం లేదు" అనలేదు. "ఎల్ఓఎస్ ఎర్ర లైటు నిన్న 61 సార్లు వచ్చింది, గాలి వీచినప్పుడు ఎక్కువ, టైములు రాసి పెట్టాను" అన్నాను. ఆ మర్నాడే లైన్‌మన్ కుర్రాడు వచ్చాడు. ఇంటి దగ్గర, ఫైబర్‌లో వెలుతురు ఎంత బలంగా ఉందో కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 19 చూపించింది. "పవర్ బాగుంది కదక్కా" అన్నాడు. "కాసేపు ఆగు నాయనా, గాలి రానీ" అని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. గాలి లేచేసరికి మైనస్ 30కి పడిపోయింది. మైనస్ 27, 28 దాటిందంటే మన ఇంట్లో పెట్టెకు సిగ్నల్ అందదని అతనే చెప్పాడు. వెంటనే స్తంభం ఎక్కి చూస్తే, జాయింట్ పెట్టె మూత ఊడి ఉంది. వైరును కొక్కేనికి మరీ బిగించి మడిచి కట్టారు. ఫైబర్ అంతలా వంగితే లోపలి వెలుతురు పక్కకు జారిపోతుంది. గాలికి ఊగినప్పుడల్లా ఆ మడత ఇంకా బిగుసుకుంటోంది. మెషీన్ తెచ్చి, ఆ ముక్క కోసేసి, ఫైబర్ కొసలను కరిగించి కొత్తగా అతికించి (స్ప్లైసింగ్), వైరును వదులుగా చుట్టి కట్టాడు. అరగంట పని. ఆ అబ్బాయికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. తప్పు అతనిది కాదు, మూడుసార్లు అతన్ని పంపకుండానే ఫిర్యాదు మూసేసినవారిది.

ఆ తర్వాత రెండు రోజులు మళ్ళీ పింగ్ పెట్టి చూశాను. నాలుగుసార్లే తెగింది. ఆ నాలుగూ కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో రౌటర్ ఆరి వెలగడం వల్ల. రౌటర్‌కు మాత్రమే పెట్టుకునే చిన్న 12 వోల్టుల యూపీఎస్ ఒకటి 1,200 రూపాయలకు దొరికింది. దాంతో అది కూడా పోయింది.

అయితే ఒక మాట. కనెక్షన్ బాగయ్యేదాకా ఆగవలసిన పని లేదని నాకు ఆలస్యంగా తెలిసింది. తెగే కనెక్షన్‌తో కూడా పని జరుగుతుంది, పని చేసే పద్ధతి మార్చుకోవాలి అంతే. ఒకటిన్నర జీబీ మూటను ఒక్కసారిగా మోయకుండా, టపాల ఫైల్‌లో ఉన్న బొమ్మల లంకెలన్నీ ఒక జాబితాగా తీసి, డబ్ల్యూగెట్ (wget) అనే చిన్న ప్రోగ్రాంకు ఇస్తే అది ఒక్కో బొమ్మను విడిగా దించుతుంది. మధ్యలో తెగితే పోయేది ఆ ఒక్క బొమ్మే. దాన్ని కూడా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అందుకునేటట్టు చెప్పవచ్చు. నా 2,300 బొమ్మలూ అలా ఒక్క రాత్రిలో వచ్చాయి. తొమ్మిది రోజులు వృథా చేసుకున్న తర్వాత ఒక్క రాత్రి!

ఎక్కించడంలోనూ అంతే. వర్డ్‌ప్రెస్‌లోకి బ్రౌజర్ ద్వారా ఫైల్ ఎక్కించేటప్పుడు సర్వర్ ఒక పరిమితి పెడుతుంది. వర్డ్‌ప్రెస్ నడిచే పీహెచ్‌పీ భాషలో మామూలుగా ఉండేది 2 ఎంబీ, సైటుకు సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగ్‌వాళ్ళు దాన్ని కొంత పెంచి ఉంచుతారు. నా 14 ఎంబీ ఫైల్ పట్టలేదు. పరిమితి పెంచమని అడిగితే పెంచారు. ఎక్కించడం మొదలయ్యాక మధ్యలో నెట్ తెగి, 187 టపాల దగ్గర ఆగిపోయింది. ఏవి వచ్చాయో ఏవి రాలేదో తెలియక మొత్తం తుడిచి, ఫైల్‌ను ఏడాదికి ఒకటి చొప్పున ఎనిమిది ముక్కలు చేసి ఎక్కించాను. ఒక్కో ముక్క అయ్యాక పాత బ్లాగులో ఆ ఏడాది ఎన్ని టపాలు, ఎన్ని వ్యాఖ్యలు ఉన్నాయో, కొత్తదాంట్లో ఎన్ని వచ్చాయో పక్కపక్కన రాసుకున్నాను. బ్యాంకులో ముప్పై ఏళ్ళ అలవాటు, లెక్క సరిపోయేదాకా లేవబుద్ధి కాదు. 2010లో రెండు వ్యాఖ్యలు తక్కువ వచ్చాయి. వెతికి పట్టుకుని చేత్తో వేశాను. మీరు కూడా ఈ లెక్క తప్పకుండా చూడండి. "ఇంపోర్ట్ పూర్తయింది" అని తెర మీద వస్తే అన్నీ వచ్చాయని అనుకోవద్దు.

మన తెలుగులాంటి లిపులకు వచ్చే కొన్ని ఇబ్బందులు ఉన్నాయి, అవి ఇంగ్లీషు వ్యాసాల్లో నాకు పెద్దగా దొరకలేదు. బ్లాగర్ టపా శీర్షిక నుంచి లంకె తయారుచేస్తుంది. శీర్షిక ఇంగ్లీషులో ఉంటే ఆ మాటలే లంకెలో వస్తాయి. తెలుగులో ఉంటే అక్షరాలన్నీ వదిలేసి, "బ్లాగ్-పోస్ట్" అని ఇంగ్లీషులో పెట్టి, వెనక ఒక అంకె తగిలిస్తుంది. మన తెలుగు బ్లాగుల్లో వేలాది టపాల పేర్లు ఇలా ఒకేలా ఉంటాయి. వర్డ్‌ప్రెస్ తెలుగు అక్షరాలను లంకెలో ఉంచుతుంది, కానీ దాచుకునే చోట 200 గుర్తులకే జాగా ఉంటుంది. ఒక్కో తెలుగు సంకేతం (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు లాంటి ఒక్కో ముక్క), అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, లంకెలో అది తొమ్మిది గుర్తులవుతుంది. అంటే 22 సంకేతాలకు మించి పట్టవు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే ఆరు సంకేతాలు, 54 గుర్తులు. కాస్త పొడుగు శీర్షిక పెడితే లంకె మాట మధ్యలో తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో నాలుగు వరుసల గజిబిజి కనిపిస్తుంది, అవతలివాళ్ళు వైరస్ లింకు అనుకుని తెరవరు. అందుకే నేను ఏడాది, నెల, ఆ తర్వాత పాత పేరు అన్న బ్లాగర్ అమరికనే వర్డ్‌ప్రెస్‌లో కూడా ఉంచుకున్నాను. కొత్త టపాలకు మాత్రం లంకె ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా నేనే రాస్తున్నాను. భాషాభిమానులు కొందరు ఒప్పుకోరని తెలుసు. లోపల రాసింది తెలుగే కదా, దాని దగ్గరికి మనుషులు రావడం నాకు ముఖ్యం.

ఇంకొక రాత్రి నా గుండె ఆగినంత పనైంది. డేటాబేసు కాపీ తీసి వేరే చోట ఎక్కించి చూస్తే, తెలుగు ఒక్క అక్షరం లేదు. ప్రతి అక్షరం చోటా నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తో, ప్లస్ మైనస్ గుర్తో. పేజీల కొద్దీ అదే. మీకు ఎప్పుడైనా ఇలా కనిపిస్తే కంగారు పడకండి. రాత ఎక్కడికీ పోలేదు. యూటీఎఫ్-8లో ఉన్నదాన్ని ఇంగ్లీషులాంటి యూరప్ భాషలకు వాడే లాటిన్-1 అనుకుని చదవడం వల్ల అలా కనిపిస్తుంది. తెలుగు అక్షరాల మొదటి రెండు బైట్లు ఆ అమరికలో సరిగ్గా ఆ గుర్తులే. దేన్నీ దిద్దకుండా, సేవ్ చేయకుండా ఆపేసి, యూటీఎఫ్-8 అని సరిగ్గా చెప్పి మళ్ళీ ఎక్కిస్తే మొత్తం తిరిగి వస్తుంది. ఆ గజిబిజి మీదే సేవ్ చేస్తే మాత్రం సరిచేయడం కష్టమవుతుంది.

పాత లంకెల గురించి ఒక చిన్న సంగతి, ఇది మీలో చాలామందికి ఇప్పుడే పనికొస్తుంది. 2012 నుంచి కొన్నేళ్ళు మన దేశంలో తెరిచి చూసిన బ్లాగర్ బ్లాగులన్నీ బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అనే చిరునామాతో కనిపించేవి. మనం ఒకరి టపా గురించి ఇంకొకరం రాసినప్పుడు ఆ చిరునామానే కాపీ చేసుకున్నాం. 2020లో ఆ డొమైన్ గూగుల్ చేతిలోంచి జారిపోయింది. లంకె తెరుచుకోకపోతే బ్లాగు పోయిందని అనుకుని ఊరుకోకండి. చివర "ఇన్" తీసి "కామ్" పెట్టి చూడండి. నేను పోయాయనుకున్న 30కి పైగా బ్లాగులు అలా దొరికాయి. నిజంగానే లేనివాటిని పాత వెబ్ పేజీల కాపీలు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో వెతికాను, కొన్ని అక్కడ ఉన్నాయి.

పాత బ్లాగును నేను తీసేయలేదు. పైన ఒక వరుసలో కొత్త చిరునామా రాసి అలాగే ఉంచాను. మీరూ ఉంచండి. వర్డ్‌ప్రెస్‌కే రావాలని కూడా నేను అనను. 2003 నుంచి నడుస్తోంది, ఎవరైనా తీసుకుని సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు, మెనూలు తెలుగులో కూడా వస్తాయి, అందుకని ఎంచుకున్నాను. దానికీ ఏటా హోస్టింగ్ డబ్బు కట్టాలి, అప్‌డేట్లు చేస్తుండాలి, నిర్లక్ష్యం చేస్తే హ్యాకర్లు దూరతారు. అంత ఓపిక లేకపోతే బ్లాగర్‌లోనే ఉండి, ఏడాదికోసారి కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, పిల్లల దగ్గర ఒకటి ఉంచండి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధగా ఉన్న విషయం. నా వ్యాఖ్యల లెక్క సరిచూస్తున్నప్పుడు ఒక పెద్దాయన పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది. పేరు రాయను, ఆయన కుటుంబాన్ని అడగలేదు. పితికిపప్పు టపా కింద ఆయన రాసిన వ్యాఖ్య నా టపా కంటే పెద్దది. చిన్నప్పుడు పండగ ముందు రాత్రి ఇంటిల్లిపాదీ లాంతరు చుట్టూ కూర్చుని అనపగింజలు పితకడం, గోళ్ళు నల్లబడడం, ఎవరు ఎక్కువ పితికితే వాళ్ళకు ముందు వడ్డించడం. అలాంటివి నా బ్లాగులోనే ఆయనవి 112 వ్యాఖ్యలు ఉన్నాయి. ఆయన సొంత బ్లాగులో ఎన్ని వందల టపాలో. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. బ్లాగు ఈ రోజు వరకు తెరుచుకుంటోంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికైనా తెలుసో లేదో.

మన తరంలో ముందుగా బ్లాగులు మొదలుపెట్టినవారిలో చాలామందికి ఇప్పుడు అరవై దాటింది. కొందరు లేరు. హైదరాబాదు కృష్ణకాంత్ పార్కులో, నెట్‌లో తెలుగు వాడకాన్ని పెంచే ఈ-తెలుగు సంస్థ సమావేశాలకు, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో మన స్టాలుకు వచ్చిన ముఖాలు ఒక్కొక్కటే గుర్తు చేసుకోండి. వారి ఇళ్ళతో మీకు ఇప్పటికీ పరిచయం ఉంటే ఒక్క ఫోన్ చేయండి. "మీ నాన్నగారు బ్లాగు రాసేవారు, చాలా బాగా రాసేవారు, ఆ ఖాతా మీ దగ్గర ఉందా" అని అడగండి. చాలా ఇళ్ళలో పిల్లలకు ఆ బ్లాగు ఉందన్న సంగతే తెలియదు. నేను ముగ్గురికి చేశాను. ఒకరింట్లో పాత కంప్యూటర్ ఇంకా ఉంది, బ్రౌజర్‌లో లాగిన్ అలాగే ఉంది. ఆ అమ్మాయి నేను చెప్తుంటే కాపీ తీసుకుంది, తీసుకుంటూ చదవడం మొదలుపెట్టి, "ఇన్నేళ్ళూ ఇది ఇక్కడే ఉందా ఆంటీ" అని ఏడ్చింది.

మన ఖాతాల గతి కూడా ఇలా కాకుండా చూసుకోవడానికి గూగుల్‌లోనే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుంది. ఖాతాను ఎన్ని నెలలు తెరవకపోతే ఎవరికి తెలియజేయాలి, ఏవి వారి చేతికి ఇవ్వాలి అని ముందే రాసి పెట్టవచ్చు. మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా గడువు ఎంచుకోవచ్చు, పది మంది దాకా పేర్లు ఇవ్వవచ్చు. పది నిమిషాల పని. నేను మా అమ్మాయి పేరు, మా అక్క కొడుకు పేరు పెట్టాను. పాత ఫోన్ నంబరు తీసేసి కొత్తది ఇచ్చాను. ఈ ఉత్తరం చదివి మీరు ఈ ఒక్క పనీ ఈ రోజే చేస్తే చాలు, మిగతాది తీరిక ఉన్నప్పుడు చూసుకోవచ్చు.

డిసెంబరు రెండో ఆదివారం తెలుగు బ్లాగర్ల దినోత్సవం అని మనమే పెట్టుకున్నాం. ఈసారి ఆ రోజు నేను పొద్దున పది నుంచి చీకటి పడేదాకా ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు ఉంటాను. పాస్‌వర్డ్ పోయినవారు, ఫైల్ ఎక్కనివారు, అక్షరాలు గజిబిజిగా వస్తున్నవారు ఎవరైనా సరే, నా బ్లాగులో వ్యాఖ్య రాయండి, తెలిసినంతవరకు దగ్గరుండి చెప్తాను. మదనపల్లె చుట్టుపక్కల ఉండి, ఇంట్లో నెట్ నిలవనివారు పెన్‌డ్రైవ్ తీసుకుని మా ఇంటికి రండి. ఇప్పుడు మా లైను గాలికి తెగడం లేదు. అప్పటికి అనపకాయలు సంతకు వస్తాయి, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే.

ఇట్లు,
మీ తోటి బ్లాగరి
మదనపల్లె దగ్గరి ఒక ఊరి నుంచి